ర్యాంకుకూ సీటుకూ నడుమ

2024 జూన్ 24. ఉత్తరప్రదేశ్‌లో ఓ దినసరి కూలీ ఇంట్లో సాయంత్రం ఐదు గంటల్లోగా 17,500 రూపాయలు కట్టాలి. కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సీటు వచ్చింది. దళిత కుటుంబం. తండ్రి వాళ్లనూ వీళ్లనూ అడిగి ఆ డబ్బు కూడగట్టేసరికే సాయంత్రమైంది. కుర్రాడు ఫీజు కట్టే పనిలో ఉండగానే ఐదు కొట్టింది. పోర్టల్ మూతపడింది. సీటు పోయింది. జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి ఎవరికైనా ఉండేవి రెండే అవకాశాలు. అతనికి ఆ రెండూ అయిపోయాయి.

ఆ అబ్బాయి ఊరుకోలేదు. ఎస్సీ కమిషన్‌కు మొరపెట్టుకున్నాడు. జార్ఖండ్‌లో న్యాయసేవల సంస్థను ఆశ్రయించాడు. ఆ ఏడాది పరీక్ష నిర్వహించింది మద్రాస్ ఐఐటీ కనుక మద్రాస్ హైకోర్టుకు వెళ్లాడు. అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు చేరాడు. సెప్టెంబరు 30న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై.చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేకాధికారాన్ని వినియోగించింది. అతన్ని అదే బ్యాచిలో చేర్చుకోవాలనీ, మరో విద్యార్థి సీటు కదిలించకుండా అదనంగా ఒక సీటు సృష్టించాలనీ ఆదేశించింది. ఇంత తెలివైన కుర్రాణ్ని అలా వదిలేయలేమని న్యాయమూర్తులు అన్నారు.

దేశంలోకెల్లా కఠినమైన పరీక్షల్లో ఒకదాన్ని అతను నెగ్గాడు. పరీక్ష అయిపోయాక వచ్చిన గడప దగ్గర పడిపోయాడు. అతని విషయం కోర్టు దాకా వెళ్లింది కాబట్టి మనకు తెలిసింది. ఫీజు కట్టలేక, సర్టిఫికెట్ సకాలంలో అందక, ఆప్షన్లు ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు లేక సీటు జారవిడుచుకుని, ఏ కోర్టుకూ వెళ్లని పిల్లల గురించి తెలిసే దారి లేదు.

కోచింగ్ గురించీ, ర్యాంకుల గురించీ మన రెండు రాష్ట్రాల్లో మాట్లాడుకున్నంతగా దేశంలో మరెక్కడా మాట్లాడుకోరేమో. ఫలితాల మర్నాడు పేపర్ల మొదటి పేజీలు పాస్‌పోర్టు ఫొటోలతో నిండిపోతాయి. ర్యాంకు వచ్చిన రోజుకూ, ట్రంకు పెట్టెతో క్యాంపస్‌లో దిగే రోజుకూ మధ్య కొన్ని వారాలుంటాయి. ఆ వారాల్లో ఏం చేయాలో తెలిసిన ఇళ్లున్నాయి, తెలియని ఇళ్లున్నాయి. ఒకే ర్యాంకు వచ్చిన ఇద్దరు పిల్లల దారులు అక్కడే వేరైపోతున్నాయి.

వడపోత లెక్క

ముందుగా ఈ పరీక్ష ఏం చేస్తుందో, ఏం చేయదో చూడాలి.

మొదటి ఐఐటీ 1951లో ఖరగ్‌పూర్ దగ్గర హిజ్లీలో మొదలైంది. తెల్లదొరలు స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన శిబిరం అది. 1931లో అక్కడే కాల్పులు జరిపి ఇద్దరు ఖైదీల ప్రాణాలు తీశారు. ఆ భవనంలోనే స్వతంత్ర భారతం తన తొలి ఐఐటీని పెట్టుకుంది. 1961లో ఐఐటీలన్నిటికీ కలిపి ఒకే ప్రవేశపరీక్ష వచ్చింది. ఇవాళ ఐఐటీలు 23. మనకు రెండు: 2008లో ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలై తర్వాత కందికి మారిన హైదరాబాద్ ఐఐటీ, 2015లో వచ్చిన తిరుపతి ఐఐటీ.

2025 లెక్క చూద్దాం. జేఈఈ మెయిన్ రాసినవారు సుమారు 14.75 లక్షల మంది. వారిలో అడ్వాన్స్‌డ్‌కు అర్హత దక్కేది పైనున్న రెండున్నర లక్షల మందికే. అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవారు 1,80,422. అందులో అర్హత సాధించినవారు 54,378. ఐఐటీలన్నిటిలో ఉన్న సీట్లు 18,160. ‘క్వాలిఫై’ అయిన ముగ్గురిలో ఒక్కరికే సీటు ఉందన్నమాట. ఊళ్లో ఫ్లెక్సీ కట్టేముందు ఈ లెక్క చాలామంది చూసుకోరు. జూన్‌లో పండగ చేసుకున్న ఇల్లు జులైలో మూగబోవడానికి కారణం తరచుగా ఇదే.

ఇంకో లెక్క కూడా ఉంది. అడ్వాన్స్‌డ్‌లో మొత్తం 360 మార్కులు. జనరల్ జాబితాలో చేరడానికి కావలసిన కనీస మార్కులు 2022లో 55, 2024లో 109, 2025లో 74. పిల్లల తెలివి మూడేళ్లలో రెట్టింపై, మళ్లీ మూడో వంతు తరగదు కదా. మారింది పేపరు. ప్రశ్నపత్రాన్ని అంత కఠినంగా ఉంచేది ఎందుకంటే, లక్షా ఎనభై వేల మందిని ఒకరి వెనక ఒకరుగా వరసలో నిలబెట్టాలి. మొత్తం మార్కుల్లో మూడింట ఒక వంతు కూడా తెచ్చుకోలేనివాళ్లకు ర్యాంకు వస్తుంది. ఆ అంచుల్లో ఒక్క మార్కు తేడాతో వందలాది ర్యాంకులు కిందామీదా అవుతాయి. ఒక ప్రశ్న తొందరగా చదివారో, నిదానంగా చదివారో అన్నంత చిన్న విషయం మీద బ్రాంచి మారిపోతుంది.

ఉన్న సీట్లను తగాదా లేకుండా పంచడానికి ఇంతకంటే మెరుగైన పద్ధతి చెప్పడం కష్టం. ఎవరి కొడుకని అడగదు, సిఫార్సు వినదు. అందుకు ఈ పరీక్షను గౌరవించాలి. కానీ ఇది కొలిచేది ఒక ఆదివారం నాటి ఆరు గంటల పనితనాన్ని. ఏడువేల ర్యాంకు పిల్ల కంటే రెండువేల ర్యాంకు పిల్లవాడు బుద్ధిమంతుడని ఎవరైనా అంటే, వాళ్లకు ఈ వరస ఎలా తయారవుతుందో తెలియదని అర్థం.

నల్లకుంట నుంచి

తెలుగువాళ్లకు ఐఐటీ మోజు ఇంతగా పట్టడానికి మూలం ఒక లెక్కల మాస్టారు. 1925లో జనగామ ప్రాంతంలోని గూడూరులో పుట్టిన చుక్కా రామయ్య నిజాం వ్యతిరేక పోరాటంలో పాల్గొన్నారు. ఆ తర్వాత గురుకుల విద్యాసంస్థల్లో పనిచేసి, పదవీ విరమణ చేశాక హైదరాబాద్ నల్లకుంటలో కొద్దిమంది పిల్లలను కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. తెల్లవారుజామునే క్లాసులు. ‘ఐఐటీ రామయ్య’ అనేది ఇంటిపేరైపోయింది. ఆయన దగ్గర చేరడానికే ప్రవేశపరీక్ష ఉండేది, ఆ పరీక్షకు వేరేచోట కోచింగ్ తీసుకునేవారు. రాజస్థాన్‌లోని కోటాలో దాదాపు అదే కాలంలో కండరాల క్షీణతతో బాధపడుతున్న వి.కె.బన్సల్ అనే ఇంజినీరు తన డైనింగ్ టేబుల్ దగ్గర పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. రెండు చోట్లా తొలినాళ్లలో ఉన్నది ఒక గురువు, ఆయన చెప్పే సబ్జెక్టు మీద ఆయనకున్న ప్రేమ.

తర్వాత జరిగింది మనందరి కళ్లముందు జరిగిందే. ఇంటర్‌నూ కోచింగ్‌నూ కలిపేసిన కార్పొరేట్ కాలేజీలు వచ్చాయి. అక్కడి మాటలు తెలుగు ఇళ్లలో నిత్యవ్యవహారమయ్యాయి: స్టార్ బ్యాచ్, స్టడీ అవర్, వీకెండ్ టెస్ట్, గ్రాండ్ టెస్ట్, నెలకోసారి ఔటింగ్. పిల్లలను మార్కులను బట్టి సెక్షన్లుగా విడగొడతారు. మంచి లెక్చరర్లు పై సెక్షన్లకు వెళ్తారు. కింది సెక్షన్ తల్లిదండ్రులు కట్టే ఫీజు కూడా ఆ పై సెక్షన్ చదువుకే ఖర్చవుతుందని లోపల పనిచేసినవాళ్లందరికీ తెలుసు. ఆ ఒత్తిడికి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు పాతికేళ్లుగా చదువుతూనే ఉన్నాం. కమిటీలు వేశారు. నివేదికలు వచ్చాయి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ పదహారేళ్లలోపు పిల్లలను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఈలోగా ఆరో తరగతి ‘ఐఐటీ ఫౌండేషన్’ బోర్డులు మండల కేంద్రాల దాకా వచ్చేశాయి. పదకొండేళ్ల పిల్లవాడి ఆటల పీరియడ్ తీసేసి పెట్టిన పునాది మీద ఏ భవనమూ నిలవదని చెప్పడానికి కమిటీ అక్కర్లేదు.

ఈ విషయం మీద ఇప్పటికే చాలా రాశారు, ఇంకా రాయాలి కూడా. నేను మాత్రం తక్కువగా చర్చకు వచ్చే చోటుకు వెళ్తాను.

వరసలోకే రానివాళ్లు

జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగులో రాయవచ్చు. మొత్తం 13 భాషల్లో పేపరు ఇస్తున్నారు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇప్పటికీ ఇంగ్లీషు, హిందీల్లోనే. ఉత్తరాదిలో హిందీ మీడియంలో చదివిన పిల్లవాడు తన భాషలో ప్రశ్న చదువుకుంటాడు. తెలుగు మీడియంలో చదివిన మన్యం పిల్ల మొదటి మెట్టు తెలుగులో ఎక్కి, రెండో మెట్టు దగ్గర అలవాటు లేని భాషలో అంతుపట్టని వాక్యాలను విడదీసుకోవాలి. భౌతికశాస్త్రం ప్రశ్నలో సగం కష్టం ఆ వాక్యంలోనే ఉంటుంది. దీన్ని మన ప్రజాప్రతినిధులు పార్లమెంటులో గట్టిగా అడగాలి. అడిగితే కాదనడానికి సరైన కారణం ఏమీ లేదు.

వరసలోకి పిల్లలను తేవడంలో మన ప్రభుత్వాలు చేసిన మంచి పని కూడా ఉంది. 1971లో పి.వి.నరసింహారావు చొరవతో ఉమ్మడి నల్గొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. మరుసటేడు తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. పల్లెటూరి పిల్లవాడు కలెక్టరై, శాస్త్రవేత్తయి తిరిగొచ్చి తన గురుకులం పేరు చెప్పుకోవడం మనకు కొత్త కాదు. ఇవాళ హైదరాబాద్ శివార్లలోని గౌలిదొడ్డి సాంఘిక సంక్షేమ గురుకులం నుంచి ఐఐటీలకు, ఎన్ఐటీలకు, మెడికల్ కాలేజీలకు పిల్లలు వెళ్తున్నారు. వాళ్లలో చాలామంది ఇళ్లలో ఇంజినీరింగ్ మెట్లెక్కిన మొదటి మనిషి వాళ్లే.

ఎంపికకు పూర్తిగా వేరే దారి కూడా మన దగ్గరే పుట్టింది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ఆర్జీయూకేటీ, జనం నోట ట్రిపుల్ ఐటీ, ప్రవేశపరీక్షే పెట్టలేదు. పదో తరగతి ఫలితాలనే ఆధారంగా తీసుకుంది. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి వెనకబాటును లెక్కలోకి తీసుకుంటూ జీపీఏకు 0.4 కలిపింది. మారుమూల మండలాల నుంచి పిల్లలు వచ్చేలా చూసింది. పదో తరగతి అవ్వగానే ఆరేళ్ల చదువుకు తీసుకెళ్లింది కాబట్టి రెండేళ్ల కోచింగ్ అనే గోడే వాళ్ల దారిలో లేకుండా పోయింది. తర్వాత ఆ సంస్థలను నడిపిన తీరులో లోపాలున్నాయి, మెస్సుల కోసం పిల్లలు ధర్నాలు చేసిన రోజులున్నాయి. అయినా ఆ ఎంపిక పద్ధతిలోని ఆలోచన గొప్పది. ఎవరు ఎక్కణ్నుంచి బయల్దేరారో చూసి, ఎంత దూరం వచ్చారో లెక్కగట్టే ప్రయత్నం అది.

అమ్మాయిల సంగతీ ఇక్కడే చెప్పాలి. 2018కి ముందు ఐఐటీ బీటెక్ తరగతుల్లో పదిమందిలో ఒక్క అమ్మాయి ఉండటమే గగనం. ఆ ఏడాది నుంచి వారికోసం అదనపు సీట్లు ఇచ్చి వాటాను 14 శాతానికి, 2020 నాటికి 20 శాతానికి తెచ్చారు. ఆ సీట్లు అబ్బాయిల సీట్లలోంచి కోసి ఇచ్చినవి కావు. చేరిన అమ్మాయిని ‘కోటా’ అనేవాళ్లు ఇది తెలుసుకోవాలి. ఇక మన ఇళ్లలో ఇంకో గోడ ఉంది. అమ్మాయికి రూర్కీలో నచ్చిన బ్రాంచి వచ్చినా, అంత దూరం ఎందుకమ్మా, ఇక్కడే ఏదో ఒకటి చూద్దాం అంటారు. ఆప్షన్ల జాబితాలోంచి ఉత్తరాది క్యాంపస్‌లు తండ్రి చేత్తో ఎగిరిపోతాయి. ప్రభుత్వం తెరిచిన తలుపును ఇంట్లో మూసేయడం ఎంతవరకు న్యాయమో ఆ పెద్దలే ఆలోచించాలి.

ఆ జాబితా ఎలా రాయాలి

2015 దాకా ఐఐటీలది ఒక కౌన్సెలింగ్, ఎన్ఐటీలది మరో కౌన్సెలింగ్. ఒక్కో విద్యార్థి రెండు చోట్లా సీట్లు పట్టుకుని కూర్చునేవాడు. చివరికి ఒకటి ఖాళీగా మిగిలేది. 2015లో అన్నిటినీ కలిపి ‘జోసా’ అనే ఉమ్మడి సీట్ల కేటాయింపు వ్యవస్థ వచ్చింది. దీని వెనకున్న గణితం చాలా అందమైనది. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు 1962లో ప్రచురించిన పద్ధతి దానికి ఆధారం. షాప్లీకి 2012లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. భారత శాస్త్రవేత్తలు దాన్ని మన రిజర్వేషన్లకూ, అనేక రౌండ్లకూ తగ్గట్టు మలిచారు.

ఆ పద్ధతి పనిచేసే తీరు ఇదీ: యంత్రం ముందుగా మీ మొదటి ఆప్షన్‌కు మిమ్మల్ని పంపుతుంది. అక్కడ మీకంటే మంచి ర్యాంకులవాళ్లతో సీట్లు నిండితే రెండోదానికి పంపుతుంది. అక్కడా కాకపోతే మూడోది. మీరు ఒక ఆప్షన్‌ను పదో స్థానంలో పెట్టారని ఆ కాలేజీ మిమ్మల్ని తక్కువగా చూడదు. మీరు దాని దగ్గరికి ఎప్పుడు వచ్చినా మీ ర్యాంకునే చూస్తుంది, మీకంటే వెనక ర్యాంకువాళ్లు ముందే కూర్చుని ఉంటే వాళ్లను లేపి మీకు ఇస్తుంది. కాబట్టి ఎక్కువ ఇష్టమైనదాన్ని పైన పెట్టినందువల్ల కింది ఆప్షన్ చేజారే ప్రసక్తే లేదు.

ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది నష్టపోతున్నారో! ‘మనకు వచ్చేది మొదట పెట్టు, రానిది ఎందుకు పైన’ అని పక్కింటి అంకుల్ చెబుతాడు. వచ్చేదాన్ని పైన పెడితే యంత్రం అదే ఇచ్చి ఆగిపోతుంది. దాని కింద రాసినవి వచ్చే అవకాశం ఉన్నా ఇక చూడదు. బాంబే ఐఐటీలో కంప్యూటర్ సైన్స్ జనరల్ సీట్లు అరవై చిల్లర ర్యాంకు దగ్గరే అయిపోతాయి. ఆరువేల ర్యాంకువాడు దాన్ని మొదట రాసుకుంటే నష్టమేమీ లేదు. అతను మద్రాస్ ఐఐటీలో ఇష్టమైన బ్రాంచి ఉండగా, భయపడి దానికంటే తక్కువ ఇష్టమైన దాన్ని పైకి తెచ్చుకుంటేనే నష్టం.

రెండో తప్పు పొట్టి జాబితా. ఆప్షన్లకు పరిమితి లేదు, ఎన్నయినా రాసుకోవచ్చు. ఇరవై రాసి ఆపేసిన పిల్లవాడికి ఆ ఇరవైలో ఏదీ రాకపోతే అన్ని రౌండ్లలోనూ ఖాళీ చేతులే. మొదటి రౌండు ముందు లాక్ చేసిన జాబితాను తర్వాత పొడిగించే వీల్లేదు. చేరడానికి ఒప్పుకునే ప్రతి సీటూ అందులో ఉండాలి. చేరనని గట్టిగా అనుకున్నది ఒక్కటీ ఉండకూడదు.

సీటు వచ్చాక మూడు దారులుంటాయి. ఫ్రీజ్ అంటే ఇది చాలు, ఇక కదిలించవద్దని. ఫ్లోట్ అంటే ఇది పట్టుకుంటాను, పైన రాసుకున్నవాటిలో ఏది ఖాళీ అయినా మార్చండని. స్లయిడ్ అంటే అదే సంస్థలో మెరుగైన బ్రాంచి వస్తే మాత్రం మార్చండని. ఫ్లోట్ పెడితే ఉన్న సీటు పోతుందేమోనని భయపడి మొదటి రౌండులోనే ఫ్రీజ్ నొక్కేవాళ్లు ఏటా ఉంటారు. పైదానికి మారితే తప్ప ఉన్నది పోదు. పైకి మారితే మాత్రం పాతది తిరిగి రాదు. అందుకే జాబితాలో వరస నిజాయతీగా ఉండాలి.

ఆ వరస ఎవరిది? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. పాత ఐఐటీలో సివిల్ కావాలా, కొత్త ఐఐటీలో కంప్యూటర్స్ కావాలా అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. వంతెనలంటే ఇష్టమున్న పిల్లవాడికి మద్రాస్‌లో సివిల్ మంచి చదువు. కోడింగ్ తప్ప మరేదీ పట్టనివాడికి చిన్న క్యాంపస్‌లో కంప్యూటర్స్ మేలు. చేరాక బ్రాంచి మార్చుకోవచ్చులే అనుకోవడం మాత్రం ఇప్పుడు పనికిరాదు. కొన్ని ఐఐటీలు ఆ అవకాశాన్ని ఎత్తేశాయి. మన ఇళ్లలో ఈ చర్చ ప్యాకేజీ దగ్గర మొదలై ప్యాకేజీ దగ్గరే ముగుస్తుంది. రెండేళ్లు హాస్టల్ గదిలో పడి చదివిన పిల్లను ఆ నాలుగు రోజులైనా కూర్చోబెట్టి, నీకు ఏది చదవాలనుందమ్మా అని అడిగితే చాలా ఇళ్లలో జాబితా మారిపోతుంది. ఆమెకు జవాబు తెలియకపోవచ్చు. ఏ బ్రాంచిలో ఏం చెబుతారో ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలియదు. మెటలర్జీ అంటే ఏమిటో, ఇంజినీరింగ్ ఫిజిక్స్ అంటే ఏమిటో ఇంటర్ రెండేళ్లలో ఒక్క గంట చెప్పే కాలేజీని వెతికి పట్టుకోవాలి. ఐఐటీ వెబ్‌సైట్లలో ప్రతి సెమిస్టర్ సిలబస్ ఉంటుంది. ఆప్షన్లు పెట్టేముందు రెండు పూటలు దాని ముందు కూర్చోవడం ఏ కన్సల్టెంటుకు కట్టే ఫీజుకన్నా విలువైనది.

తహసీల్దారు కార్యాలయం దగ్గర

ఓబీసీ రిజర్వేషన్ కోరేవారి సర్టిఫికెట్ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై, కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. మన మీసేవ, సచివాలయాల్లో మామూలుగా ఇచ్చే బీసీ కుల ధ్రువీకరణ దీనికి చెల్లదు. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు కూడా. చిన్నప్పటినుంచి బీసీనని ఫారాలు నింపిన పిల్లవాడు జూన్‌లో మొదటిసారి ఈ సంగతి తెలుసుకుంటే ఆ ఇంటి పరిస్థితి ఊహించండి. ఈడబ్ల్యూఎస్‌కు కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండాలి, అయిదెకరాల సాగుభూమి ఉంటే అర్హత పోతుంది. ఆ కాగితాల పని పరీక్షలప్పుడే, ఏప్రిల్‌లోనే పూర్తిచేసుకోవాలి. జూన్‌లో సర్వర్ పనిచేయదు, సార్ సెలవులో ఉంటారు.

ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. సొంత రాష్ట్రమంటే పుట్టిన ఊరు కాదు, ఇంటర్ పాసైన చోటు. గుంటూరు పిల్లవాడు హైదరాబాద్‌లో ఇంటర్ చదివితే వరంగల్ ఎన్ఐటీలో అతను స్థానికుడవుతాడు, తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో బయటివాడవుతాడు. ఖమ్మం పిల్ల విజయవాడలో చదివితే దీనికి తిరగేసి. రెండేళ్ల ముందు కాలేజీ ఎంచుకునేటప్పుడే ఈ లెక్క తెలిసి ఉండాలి. ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం మార్కులు, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో ఉండాలన్న నిబంధన కూడా ఉంది. జేఈఈ గొడవలో బోర్డు పరీక్షను గాలికొదిలేసిన పిల్లలకు ఇది చివరి నిమిషంలో అడ్డొస్తుంది.

డబ్బు మాట

ఐఐటీ అంటే లక్షలు కట్టాలన్న భయంతో సీటు వదులుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2016 నుంచి ట్యూషన్ ఫీజు ఏడాదికి రెండు లక్షలన్నది నిజం. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. కులంతో నిమిత్తం లేకుండా కుటుంబ ఆదాయం లక్షలోపు ఉంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి అయిదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద పూచీకత్తు లేకుండా బ్యాంకు రుణం తీసుకోవచ్చు. కోచింగ్‌కు రెండేళ్లలో పోసిన డబ్బుతో పోల్చితే, అర్హులైన పేద పిల్లకు ఐఐటీ చదువే చవక.

కష్టమంతా ముందు కట్టాల్సిన సొమ్ముతోనే. సీటు వచ్చిన కొద్ది రోజుల్లోనే అంగీకార రుసుము కట్టాలి. తర్వాత హాస్టల్, మెస్. మాఫీ వర్తించేలోగా ఈ మొత్తం చేతిలో ఉండాలి. ధన్‌బాద్ సీటు పోయింది ఇక్కడే. తెలంగాణలో 2024లో ఒక గిరిజన సంక్షేమ కాలేజీ విద్యార్థిని పాట్నా ఐఐటీలో సీటు వచ్చీ డబ్బు లేక మేకలు కాస్తున్న సంగతి వార్తల్లోకి ఎక్కాకే ప్రభుత్వం ఫీజు కట్టింది. ఆమెకు న్యాయం జరిగింది. కానీ వార్తయితే గానీ ఫీజు రాని పద్ధతిని పద్ధతి అనలేం.

ఇందుకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. గురుకులాల నుంచీ, ప్రభుత్వ జూనియర్ కాలేజీల నుంచీ ఐఐటీ, ఎన్ఐటీ సీటు సాధించే పిల్లల అంగీకార రుసుమును రాష్ట్ర ప్రభుత్వమే గడువు తేదీకి ముందు కట్టేసే నిధి ఒకటి ఉండాలి. జోసా నడిచినన్నాళ్లూ ప్రతి జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో నాలుగు కంప్యూటర్లు, కరెంటు పోకుండా ఇన్వర్టర్, జాబితా రాయడం తెలిసిన ఇద్దరు లెక్చరర్లు రాత్రి వరకు అందుబాటులో ఉండాలి. సెలవులకు ఇంటికొచ్చిన మన ఐఐటీ విద్యార్థులను పిలిస్తే సంతోషంగా వచ్చి కూర్చుంటారు. ఆ జిల్లాలో ఎవరికి సీటు వచ్చిందో, ఎవరింకా ఫీజు కట్టలేదో గడువుకు ఒకరోజు ముందు ఫోన్ చేసి అడిగే బాధ్యత ఒక అధికారికి అప్పగించాలి.

ఆ సాయకేంద్రంలో కూర్చునేవాళ్లు తప్పక చెప్పాల్సిన సంగతి మరొకటుంది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ సీట్లు మిగిలినప్పుడు, కటాఫ్‌ను కాస్తలో అందుకోలేని పిల్లలకు ఐఐటీలు ఒక ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఇస్తాయి. ఆ ఏడాది లెక్కలు, సైన్సు బలపరచుకుని పాసైతే తర్వాతి ఏడు నేరుగా బీటెక్‌లో చేరవచ్చు, మళ్లీ జేఈఈ రాయనక్కర్లేదు. దానికి వేరే ర్యాంకు జాబితా ఉంటుంది, కౌన్సెలింగ్ కూడా జోసాలోనే జరుగుతుంది. ‘ఒక సంవత్సరం వృథా’ అని ఇంట్లో అంటారు, అవమానమనే స్నేహితులుంటారు. ఈ దారిలో ఐఐటీలోకి వెళ్లి పట్టా అందుకుని బయటికొచ్చినవాళ్లున్నారు. తన పేరు ఆ జాబితాలో ఉందని కూడా తెలియకుండా ఊళ్లో డిగ్రీ కాలేజీలో చేరిపోయిన పిల్లకు ఫలితాల వారంలోనే ఎవరో ఒకరు ఫోన్ చేసి ఈ మాట చెప్పాలి.